సెడాన్ డిక్కీలో పది అంగుళాల సబ్‌వూఫర్: కొత్త పెట్టె కట్టించాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవాలా?

పెన్నాతీరం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఉంటున్నాం. నెలకు రెండుసార్లయినా చిక్కబళ్లాపుర, బాగేపల్లి మీదుగా ఊరికి వెళ్లివచ్చేవాళ్లం కనుక, మాకు ఇంట్లో కంటే కారులోనే పాటలు తీరిగ్గా వినే వీలు దొరుకుతుంది. మాది సెడాన్ కారు. వెనుక సీటు వీపు మడవడానికి వీల్లేని రకం. ముందు తలుపుల్లోని స్పీకర్లు గొంతును చక్కగానే పలికిస్తాయి గానీ, మృదంగం ఎడమ మూత గుమికి గానీ, నాదస్వరం వెంట వచ్చే డోలు దెబ్బకు గానీ వాటిలో నిండుదనం రాదు. ఆ లోటు తీర్చుకుందామని నాలుగు నెలల క్రితం పది అంగుళాల సబ్‌వూఫర్ (కింది స్వరాలను మాత్రమే పలికించే పెద్ద స్పీకర్) ఒకటి, 300 వాట్ల మోనో ఆంప్లిఫయర్ ఒకటి కొన్నాను.

సబ్‌వూఫర్‌తో వచ్చిన కాగితంలో ఎఫ్‌ఎస్ (స్పీకర్ సొంత అనునాద పౌనఃపున్యం) 32 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ అనునాదం ఎంత పదునుగా ఉంటుందో చెప్పే అంకె) 0.50, క్యూఈఎస్ (అందులో విద్యుత్తు వైపు భాగం) 0.55, వీఏఎస్ (స్పీకర్ కోన్‌ను పట్టి ఉంచే భాగాల బిగువుకు సమానమైన గాలి పరిమాణం) 30 లీటర్లు అని ఉంది. స్పీకర్ లోపలికి దిగే లోతు 14.5 సెంటీమీటర్లు, కోయవలసిన రంధ్రం వ్యాసం 23.2 సెంటీమీటర్లు, స్పీకర్ ఆక్రమించే చోటు 2.2 లీటర్లు అని కూడా రాశారు. మూసిన పెట్టె, అంటే సీల్డ్ బాక్స్ అయితే 30 లీటర్లు ఉండాలన్న సూచన కూడా అందులోనే ఉంది. నేను 40 × 34 × 22 సెంటీమీటర్లు గుణిస్తే 29.9 లీటర్లు వచ్చింది. ఆ కొలతలు కాగితం మీద రాసి, మా వీధిలో వంటింటి అరలు చేసే వడ్రంగికి ఇచ్చాను. ఆయన 18 మిల్లీమీటర్ల కమర్షియల్ ప్లైవుడ్‌తో రెండు రోజుల్లో పెట్టె కట్టి ఇచ్చారు. చూడడానికి ఎంతో పొందికగా ఉంది.

వినడానికి మాత్రం నాకు సంతోషంగా లేదు. ఏ పాట వేసినా ఒక్క స్వరం దగ్గర బుంగలో ఊదినట్టు బుయ్‌మని మోగుతుంది, దాని పైస్వరాల దగ్గర దెబ్బ ఉండవలసిన చోట ఏమీ వినిపించదు. అంటే మృదంగంలో మోత ఉంది, దెబ్బ లేదు. డిక్కీ మూత, నంబరు ప్లేటు గలగలలాడుతున్నాయి. ఆంప్లిఫయర్‌లో లో పాస్ (పైస్వరాలను సబ్‌వూఫర్‌కు పోకుండా ఆపే మీట) 120 హెర్ట్జ్ దగ్గర, బేస్ బూస్ట్ (కింది స్వరాలను పెంచే మీట) సగంలో ఉన్నాయి. సబ్‌వూఫర్ ముఖం వెనుక సీటు వైపు ఉంది. బిగించిన దుకాణంవారు సీల్డ్ పెట్టె ఇంతేనని, గొట్టం ఉన్న పోర్టెడ్ పెట్టె చేయించుకొమ్మని చెబుతున్నారు.

నేను పొరపాటు ఎక్కడ చేశానో, పోర్టెడ్‌కు మారితే నిజంగా మేలు జరుగుతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. ఒక్క షరతు మాత్రం ఉంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు డిక్కీలో బియ్యం మూట, పచ్చడి జాడీలు, పిల్లల సామాను తప్పవు కనుక పెట్టె సీటు వాలుకు ఆనుకొని ఒదిగిపోవాలి, అవసరమైతే పది నిమిషాల్లో బయటకు తీయగలగాలి.


జయనగర శ్రోత సమాధానం:

పెన్నాతీరం గారూ, మీ కొలతల్లోనే మొదటి పొరపాటు కనబడుతోంది. మీరు గుణించినవి పెట్టె బయటి కొలతలు. స్పీకర్‌కు తెలిసేది లోపలి గాలి మాత్రమే. ప్రతి వైపూ 1.8 సెంటీమీటర్ల చెక్క ఉంది కనుక ఒక్కో కొలతలోనూ 3.6 సెంటీమీటర్లు తీసేయాలి. అప్పుడు 36.4 × 30.4 × 18.4, అంటే 20.4 లీటర్లు మిగులుతుంది. అందులో స్పీకర్ అయస్కాంతం, బుట్ట (దాని లోహపు చట్రం) కలిసి 2.2 లీటర్లు తీసుకుంటే మిగిలేది 18.2 లీటర్లే. మీరు 30 లీటర్లు అనుకున్న పెట్టె నిజానికి అందులో అరవై శాతం. ఈ పొరపాటు దాదాపు ప్రతి మొదటి పెట్టెలోనూ జరుగుతుంది. వడ్రంగి తప్పేమీ లేదు. ఆయనకు లీటర్లు చెప్పకూడదు, ముక్కల కొలతలు మిల్లీమీటర్లలో రాసివ్వాలి.

మూసిన పెట్టెలో గాలి ఒక స్ప్రింగులా పనిచేస్తుంది. కోన్, అంటే స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి భాగం, లోపలికి వెళితే గాలి నొక్కుకొని వెనక్కి నెడుతుంది, బయటికి వస్తే లోపలికి లాగుతుంది. ఈ గాలి స్ప్రింగునే ఆధారం చేసుకొని చిన్న పెట్టెలో మంచి మంద్రధ్వని రాబట్టవచ్చని ఎడ్గర్ విల్చర్ 1954లో తన ఏఆర్-1 స్పీకర్‌తో చూపించారు. గొట్టం ఉన్న పెట్టెల గణితాన్ని 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ ప్రచురించగా, 1970ల తొలి ఏళ్లలో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించారు. మీ కాగితంలో ఉన్న ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అన్న మూడు అంకెలను థీల్-స్మాల్ కొలతలు అనడం అందుకే. చాలామంది ఆ కాగితాన్ని అట్టపెట్టెతో పాటు పారేస్తారు. మీరు దాచుకున్నందుకు సంతోషం, ఎందుకంటే ఆ మూడు అంకెలతోనే మూసిన పెట్టె లెక్క మొత్తం తేలిపోతుంది.

పెట్టెలో బిగించాక స్పీకర్ క్యూ, అంటే అనునాదం దగ్గర ధ్వని ఎంత గుట్టలా లేస్తుందో చెప్పే అంకె, ఎంత అవుతుందో తెలుసుకోవాలంటే, వీఏఎస్‌ను పెట్టె లోపలి లీటర్లతో భాగించి, దానికి ఒకటి కలిపి, వర్గమూలం తీసి, క్యూటీఎస్‌తో గుణించాలి. 30 లీటర్ల పెట్టెకు 30ని 30తో భాగిస్తే 1, ఒకటి కలిపితే 2, వర్గమూలం 1.414, దాన్ని 0.50తో గుణిస్తే 0.707. ఎక్కడా గుట్టలా లేవకుండా సమంగా సాగి, కింద మెల్లగా తగ్గే స్పందనకు ఈ 0.707నే ఆనవాలుగా తీసుకుంటారు. అదే 1.414తో 32 హెర్ట్జ్‌ను గుణిస్తే పెట్టెలో స్పీకర్ అనునాద పౌనఃపున్యం 45 హెర్ట్జ్ అని తెలుస్తుంది. కంపెనీవారు 30 లీటర్లు అని ఊరికే రాయలేదు.

ఇక పోర్టెడ్ సంగతి. ఎఫ్‌ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగిస్తే మీకు 58 వస్తుంది. ఈ అంకె 50కి దిగువన ఉంటే మూసిన పెట్టె, 100 దాటితే గొట్టం పెట్టె అన్నది పెట్టెలు కట్టేవారి వాడుక. మీది మూసిన పెట్టె వైపే మొగ్గుతోంది. పైగా 0.50 క్యూటీఎస్ ఉన్న స్పీకర్‌ను గొట్టం పెట్టెలో పెడితే గొట్టాన్ని శ్రుతి చేసిన స్వరం దగ్గర ఇంకో గుట్ట లేస్తుంది. ఇప్పుడు మీరు బాధపడుతున్నది దాని గురించే కదా. పరిమాణం కూడా చూడండి. 45 లీటర్ల పెట్టెను 35 హెర్ట్జ్‌కు శ్రుతి చేయాలంటే 10 సెంటీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టం 35 సెంటీమీటర్లకు పైగా పొడవు ఉండాలి. ఆ గొట్టమే మూడు లీటర్లకు పైగా మింగుతుంది. శ్రుతికి దిగువ స్వరాలు వచ్చినప్పుడు కోన్‌ను పట్టి ఉంచే గాలి స్ప్రింగు లేక అది అదుపు తప్పి ఊగుతుంది. అందుకే అటువంటి పెట్టెకు ఆంప్లిఫయర్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది స్వరాలను ఆపే ఏర్పాటు) తప్పనిసరి. దుకాణంవారికి పోర్టెడ్ మీద మక్కువ ఎందుకంటే అది దుకాణం ముందు నిలబడి వినేవారికి బిగ్గరగా వినిపిస్తుంది. మీరు అడుగుతున్నది బిగ్గర కాదు, మృదంగం.

నా సలహా ప్రకారం కొత్త పెట్టె బయటి కొలతలు 50 × 36 × 26 సెంటీమీటర్లు ఉండనివ్వండి. లోపల 46.4 × 32.4 × 22.4, అంటే 33.7 లీటర్లు. స్పీకర్‌కు 2.2, మధ్యలో వేసే అడ్డ బద్దకు సుమారు 1.5 తీసేస్తే సరిగ్గా 30 మిగులుతుంది. 18 మిల్లీమీటర్ల పలకలో కోయవలసినవి 500 × 360 ముక్కలు రెండు, 500 × 224 రెండు, 324 × 224 రెండు. స్పీకర్ బిగించే ముఖానికి బయటి వైపు ఇంకొక 500 × 360 ముక్క అతికిస్తే కోన్ తోపుకు ముఖం కంపించదు.

సీటు వాలుకు ఒదగాలన్నారు కనుక దీన్నే ఏటవాలుగానూ చేయవచ్చు. లోపలి లోతు అడుగున 26.4, పైన 18.4 పెట్టి, ఎత్తు, వెడల్పు అలాగే ఉంచితే, సగటు లోతు మళ్లీ 22.4 అవుతుంది కనుక లీటర్లు మారవు. ఎనిమిది సెంటీమీటర్ల ఆ తేడా సుమారు 14 డిగ్రీల వాలు ఇస్తుంది. మీ సీటు వీపు వాలును ముందుగా కొలిచి, కలిస్తేనే కోయించండి. వాలు పలక పొడవు మాత్రం నిలువు పలక కంటే దాదాపు ఒక సెంటీమీటరు ఎక్కువ వస్తుంది, దాని అంచులను అదే కోణంలో చెక్కాలి. వడ్రంగికి ఇది తప్పక చెప్పండి, లేకపోతే ఆ సందును లప్పంతో పూడ్చి ఇస్తారు.


తరంగం సమాధానం:

పై లెక్కలన్నీ సరైనవే. శ్రోత గారు ఓపికగా వివరించారు. అయినా వారి నిర్ణయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. అదే సూత్రాన్ని పాత పెట్టెకు కూడా వేసి చూడండి. 30ని 18.2తో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీస్తే 1.63. అంటే క్యూ 0.81, అనునాదం 52 హెర్ట్జ్. 0.81 దగ్గర వచ్చే గుట్ట ఎత్తు పావు డెసిబెల్‌కు అటూఇటూ. అంత తేడాను కదిలే కారులో ఏ చెవీ పట్టుకోలేదు. మూసిన పెట్టె గొప్పతనమే అది, లీటర్లలో పొరపాటు జరిగినా క్షమిస్తుంది. కాబట్టి పెన్నాతీరం గారు వింటున్న బుంగ మోతకు చిన్న పెట్టె కారణం కాదు, లేదా అదొక్కటే కారణం కాదు. అసలు కారణం తెలుసుకోకుండా కొత్త పెట్టె కట్టిస్తే, అదే మోత ఇంకొంచెం ఖరీదైన చెక్కలోంచి వినిపిస్తుంది.

మొదట కారు సంగతి ఆలోచిద్దాం. కారు లోపలి పొడవు దాదాపు రెండున్నర మీటర్లు అనుకుంటే, ఆ పొడవులో సగం తరంగం పట్టే స్వరం 69 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అంతకు దిగువన ధ్వని తరంగంగా ప్రయాణించడం మానేసి, కారులోని గాలిని మొత్తంగా నొక్కడం, వదలడం మొదలుపెడుతుంది. దీనివల్ల పౌనఃపున్యం సగమైనప్పుడల్లా సిద్ధాంతం ప్రకారం 12 డెసిబెల్స్ చొప్పున పెరుగుదల వస్తుంది. కిటికీలు, రేకులు, సందులు ఉంటాయి గనుక నిజమైన కారులో అంతకంటే తక్కువే. మూసిన పెట్టె తన అనునాదానికి దిగువన పడిపోయేది కూడా సరిగ్గా 12 డెసిబెల్స్ చొప్పున. ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కుతుంది. ఇంటి గదిలో పలచగా వినిపించే చిన్న సీల్డ్ పెట్టె కారులో నిండుగా వినిపించడానికి కారణం ఇదే. నన్ను అడిగితే, ప్రకృతి కారు శ్రోతకు ఉచితంగా ఇచ్చిన వరం ఇది. దానిమీద మీరు బేస్ బూస్ట్‌ను సగానికి తిప్పారు. చాలా ఆంప్లిఫయర్లలో ఆ మీట 45 హెర్ట్జ్ దగ్గర ధ్వనిని లేపుతుంది. కారు లేపినచోటే అది కూడా లేపుతోంది. ముందు దాన్ని సున్నాకు తెండి.

రెండవది, దెబ్బ మాయం కావడం. మీ సబ్‌వూఫర్ మీ చెవికి రెండున్నర మీటర్ల దూరంలో, ముందు తలుపు స్పీకర్ ఒక మీటరు దూరంలో ఉన్నాయనుకుందాం. ఒకటిన్నర మీటర్ల తేడాను ధ్వని దాటడానికి 4.4 మిల్లీసెకన్లు పడుతుంది. 80 హెర్ట్జ్ స్వరానికి ఒక ఊపు 12.5 మిల్లీసెకన్లు. అంటే వెనుక ధ్వని మూడో వంతుకు పైగా వెనకబడి వస్తుంది. ముందు స్పీకర్ గాలిని తోస్తున్న క్షణంలో వెనుకది లాగుతూ ఉంటుంది, రెండూ కలిసే చోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మృదంగం దెబ్బ, డోలు దెబ్బ సరిగ్గా ఆ సరిహద్దులోనే ఉంటాయి. ఆంప్లిఫయర్ మీద 0, 180 అని ఒక ఫేజ్ స్విచ్ ఉంటుంది, అది కోన్ తోసే, లాగే వరుసను తారుమారు చేస్తుంది. లేకపోతే సబ్‌వూఫర్ తీగల ప్లస్, మైనస్ మార్చినా అదే ఫలితం. తెలిసిన పాట ఒకటి పెట్టి, మీరు డ్రైవర్ సీటులో కూర్చొని, ఇంకొకరి చేత అటూ ఇటూ మార్పించి వినండి. ఏ వైపు దెబ్బ గట్టిగా వినిపిస్తే అదే సరైనది. కారులో గోడలు, గాజులు చేసే ప్రతిధ్వనులు నా లెక్కలో లేవు కనుక చెవి చెప్పిందే చివరి మాట. లో పాస్‌ను 120 నుంచి 80కి దించండి. 120 దగ్గర ఉంటే పురుషుల గొంతులోని కిందిభాగం కూడా డిక్కీలోంచి వస్తుంది.

మూడవది, పెట్టె ముఖం. సీటు మడవని సెడాన్‌లో డిక్కీకి, కూర్చునే చోటుకు మధ్య రేకు, సీటు దూది, వెనుక అద్దం కింది ట్రే ఉంటాయి. ధ్వని ముందుకు రావడానికి ఆ ట్రేలోని స్పీకర్ రంధ్రాలు, మధ్య చేతిపట్ట వెనుక ఖాళీ వంటివే దారులు. ఇటువంటి కార్లలో సబ్‌వూఫర్ ముఖాన్ని వెనక్కి, నంబరు ప్లేటు వైపు తిప్పితే సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. కోన్‌కు, ఎదుటి రేకుకు మధ్య సామాను తగలకుండా ఒక జానెడు చోటు వదలండి. ఇందుకు ఒక్క పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని.

చివరగా, పెట్టె గాలి చొరబడకుండా ఉందో లేదో చూడండి. ఆంప్లిఫయర్ ఆపి, కోన్ మధ్య చుట్టూ వేళ్లు సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదిలితే, మూసిన పెట్టెలో అది కాస్త బద్ధకంగా తిరిగి వస్తుంది. ఇంకా నమ్మకమైన పరీక్ష కావాలంటే, ఫోను నుంచి 30 హెర్ట్జ్ స్వరాన్ని సబ్‌వూఫర్‌లో తక్కువ ధ్వనితో మోగిస్తూ, ఫ్యాను గాలి లేని చోట వెలిగించిన అగరుబత్తిని ప్రతి అతుకు వెంట మెల్లగా జరపండి. గాలి కారుతున్నచోట పొగ దారం వణుకుతుంది. సందు ఉన్న పెట్టె మూసిన పెట్టె కాదు, శ్రుతి తప్పిన గొట్టం పెట్టె.


చెక్కపని సమాధానం:

నేను పీణ్య వైపు ఫర్నిచర్ పనిలో ఉన్నాను. లెక్కల సంగతి పెద్దలు చెప్పారు కనుక చెక్క గురించి మాత్రం రాస్తాను.

కమర్షియల్ ప్లైవుడ్ లోపలి పొరల మధ్య ఖాళీలు ఉండడం మామూలే. బీరువాకు దానివల్ల నష్టం లేదు. సబ్‌వూఫర్ పెట్టెలో మాత్రం ఆ ఖాళీలోంచి గాలి పాకి పలక అంచు దగ్గర బయటపడుతుంది. పైన సిలికాన్ ఎంత పూసినా దారి లోపల ఉంటుంది కనుక కనిపెట్టడం కష్టం. స్క్రూ ఆ ఖాళీలో పడితే పట్టు కూడా ఉండదు. ఎండీఎఫ్‌లో (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలకలో) ఖాళీలు ఉండవు, గుండ్రని రంధ్రం నున్నగా తెగుతుంది, కానీ దానికి నీళ్లంటే పడదు. బెంగళూరు వానల్లో డిక్కీ రబ్బరు ఒక్కచోట కారినా అడుగు పలక ఉబ్బి, అతుకు విడిపోతుంది. అందుకే నేను ఇటువంటి పనులకు హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పలక వాడుతున్నాను. అది ఎండీఎఫ్ కంటే చిక్కన, తేమను బాగా తట్టుకుంటుంది. బరువు కాస్త ఎక్కువ. ఏ పలక తీసుకున్నా బయట, ముఖ్యంగా కోసిన అంచులకు, సీలర్ రెండు పూతలు వేసి ఆ పైన కార్పెట్ గుడ్డ అంటించాలి.

శ్రోత గారు ఇచ్చిన కొలతలకు అదనపు ముఖంతో కలిపి ఒక చదరపు మీటరు కంటే తక్కువే పలక పడుతుంది. 8 × 4 అడుగుల పూర్తి పలక దాదాపు మూడు చదరపు మీటర్లు. ప్లైవుడ్ దుకాణంలో మిగులు ముక్క ఉందేమో అడగండి, కోత కూడా అక్కడి ప్యానెల్ రంపం మీదే చేయించండి. చేతి రంపంతో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా మూలలో సందు పడుతుంది. ఇంట్లో గానీ అపార్ట్‌మెంట్ పార్కింగులో గానీ ఎండీఎఫ్ కోయకండి. దాని పొడి పిండిలా సన్నగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందులోని జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. రంధ్రం కోయక తప్పని చోట మంచి మాస్కు పెట్టుకోండి.

అతుకుకు ప్రాణం జిగురు, స్క్రూ కాదు. తెల్ల ఫెవికాల్ అంచు పొడవునా ఎడం లేకుండా పూసి, క్లాంపులు బిగించి, జిగురు సన్నగా బయటికి పొంగితే ఆ అతుకు మూసుకున్నట్టే. స్క్రూలు పది పన్నెండు సెంటీమీటర్లకు ఒకటి చాలు, కానీ ముందుగా సన్న రంధ్రం వేయకపోతే ఎండీఎఫ్ అంచు చీలుతుంది. లోపలి మూలలకు సిలికాన్ పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, న్యూట్రల్ రకం తీసుకోండి. ఆ పులుపు ఆవిరి మూసిన పెట్టెలో స్పీకర్ లోహానికి, జిగుళ్లకు మంచిది కాదు. ఏ రకమైనా ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాకే స్పీకర్ బిగించాలి. స్పీకర్‌ను స్క్రూలతో కాకుండా టీ-నట్లు (చెక్కలో లోపలి వైపు దిగగొట్టే నట్లు), బోల్టులతో బిగిస్తే ఎన్నిసార్లు తీసిపెట్టినా పట్టు సడలదు.


హోసూరు దారి సమాధానం:

తీగల గురించి ఎవరూ రాయలేదు కనుక రెండు మాటలు. 300 వాట్ల క్లాస్ డి (విద్యుత్తును తక్కువ వృథా చేసే రకం) ఆంప్లిఫయర్ నిండుగా పనిచేసినప్పుడు సుమారు 27 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ తీగకు బ్యాటరీ దగ్గరే, అర మీటరు లోపు, 40 ఆంపియర్ల ఫ్యూజ్ ఉందో లేదో ఈ రోజే బానెట్ ఎత్తి చూడండి. ఆ ఫ్యూజ్ ఆంప్లిఫయర్‌ను కాపాడడానికి కాదు. రేకు అంచుకు రాసుకొని తీగ పైపొర తెగితే కారు తగలబడకుండా ఆపడానికి. తీగ స్వచ్ఛమైన రాగి 8 గేజ్ అయి ఉండాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగకు నిరోధం ఒకటిన్నర రెట్లు ఉంటుంది, బయటికి రెండూ ఒకలాగే కనబడతాయి. కొన చెక్కి చూస్తే లోపల తెల్లగా మెరుస్తుంది. గ్రౌండ్ తీగ పొట్టిగా, రంగు గీకిన రేకుకు బిగించి ఉండాలి.

పెట్టెను తరచు తీయాలన్నారు కనుక స్పీకర్ తీగకు మధ్యలో రెండు పిన్నుల ప్లగ్గు పెట్టుకోండి. తప్పు వైపు దూరని రకం అయితే ఫేజ్ మారిపోయే భయం కూడా ఉండదు.


పెన్నాతీరం సమాధానం:

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రెండు వారాంతాలు పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తరంగం గారు చెప్పిన వరుసలోనే వెళ్లాను. బేస్ బూస్ట్ సున్నా చేయగానే బుంగ మోత సగం తగ్గింది. లో పాస్ 80కి దించి, పెట్టె ముఖం వెనక్కి తిప్పాను. ఆ తర్వాత మా ఆవిడ డిక్కీ దగ్గర నిలబడి ఫేజ్ స్విచ్ మారుస్తుంటే నేను ముందు కూర్చొని విన్నాను. 180 దగ్గర మృదంగం దెబ్బ ఒక్కసారిగా డ్యాష్‌బోర్డు మీదకు వచ్చినట్టు అనిపించింది. నాలుగు నెలలుగా ఆ దెబ్బ స్పీకర్‌లోనే లేదనుకున్నాను. అగరుబత్తి పరీక్షలో రెండు చోట్ల పొగ వణికింది. ఒకటి తీగలు బిగించే టెర్మినల్ కప్పు చుట్టూ, రెండవది అడుగు పలక అంచులో. కప్పు కింద ఫోమ్ పట్టీ వేస్తే మొదటిది ఆగింది. రెండవది సిలికాన్ పూసినా ఆగలేదు. చెక్కపని గారు చెప్పినట్టే పొర లోపల ఖాళీ ఉందని ఇప్పుడు అర్థమవుతోంది. నంబరు ప్లేటు వెనుక ఫోమ్ ముక్కలు అంటించాక గలగల పోయింది. ఫ్యూజ్ మాత్రం బ్యాటరీ దగ్గర లేదు, డిక్కీలో ఆంప్లిఫయర్ పక్కన ఉంది. అది చూసి నిజంగా భయం వేసింది. పిల్లలను కూర్చోబెట్టుకొని నాలుగు నెలలు అలాగే ఊరికి తిరిగాం. మరుసటి రోజే మార్పించాను.

ఇప్పుడు వినడానికి హాయిగానే ఉన్నా, కారుతున్న పలక మనసులో గుచ్చుకుంటోంది. అందువల్ల శ్రోత గారు ఇచ్చిన ఏటవాలు కొలతలతో హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పెట్టె చేయిస్తున్నాను. సీటు వాలు కొలిస్తే 15 డిగ్రీలు వచ్చింది, మీ 14కు దగ్గరే కాబట్టి అలాగే ఉంచమన్నాను. లోపల దిండ్లలో వాడే పాలియెస్టర్ దూది నింపమని కొందరు అంటున్నారు, అవసరమా? ఇంకొకటి, బ్రేకు వేసినప్పుడు పెట్టె జరగకుండా డిక్కీ అడుగున రంధ్రాలు వేసి ఎల్ ఆకారపు పట్టీలు బిగించవచ్చా?


జయనగర శ్రోత సమాధానం:

తరంగం గారు అన్నది నిజం. పాత పెట్టెకు కూడా ఆ సూత్రం వేసి చూడవలసింది, నేను తొందరపడ్డాను.

దూది విషయానికొస్తే, లోపలి గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడిని ఆ పోగులు పీల్చుకుంటాయి కనుక స్పీకర్‌కు పెట్టె కాస్త పెద్దదైనట్టు అనిపిస్తుంది. సిద్ధాంతపు గరిష్ఠం 40 శాతం, ఆచరణలో పది నుంచి ఇరవై. మీకు లీటర్లు సరిపోయాయి కనుక అవసరం లేదు. పాత పెట్టెను ఎవరికైనా ఇచ్చేటట్లయితే అంచు మూసి దానిలో ఈ దూది వేసి ఇవ్వండి, అక్కడ ఉపయోగపడుతుంది.

రంధ్రాలు మాత్రం వేయకండి. అడుగున స్టెప్నీ గుంట ఉంటుంది, కొన్ని కార్లలో ఇంధనపు గొట్టాలు, తీగల కట్టలు ఆ రేకు కిందుగానే పోతాయి. వేసిన ప్రతి రంధ్రమూ తుప్పుకు దారి. అలాగని పెట్టెను కట్టకుండా వదలడమూ తప్పే. చెక్క, స్పీకర్ కలిసి పదిహేను కిలోలు దాటుతుంది, గట్టి ఢీ తగిలితే అది వెనుక సీటులో కూర్చున్నవారి వీపు మీదకు వస్తుంది. డిక్కీలో సామాను కట్టుకోవడానికి కంపెనీవారే ఇచ్చిన కొక్కేలు ఉంటే వాటికి రాచెట్ పట్టీ (మీటతో బిగించే పట్టీ) ఒకటి పెట్టె చుట్టూ తిప్పి బిగించండి. కొక్కేలు లేకపోతే వెనుక సీటు వీపును పట్టి ఉంచే బోల్టుల దగ్గరే చిన్న కొక్కెం చేర్చమని మెకానిక్‌ను అడగండి. బియ్యం మూట ఎక్కించే రోజున పట్టీ వదిలి, ప్లగ్గు తీసి, పెట్టెను ఇంట్లో పెట్టి వెళ్లవచ్చు.